దోక్కుపోయినదాని పుట్టిల్లు

గోదావరి పాయ పక్కన పీతలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మట్టావారి ఇల్లంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది కూడా మట్టావారే. ఊళ్ళో ఇంకెవరూ పెట్టడానికి ముందుకు రాలేదు గనక ఆ పనేదో వాళ్ళే చేసుకోవలసి వచ్చింది.

ఇంట్లో తల్లి అప్పాయమ్మ, పెద్దకొడుకు అబ్బులు, చిన్నకొడుకు చిట్టియ్య. అన్నదమ్ములిద్దరిదీ కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పని. ఇంటి పెద్దాయన పోతూ పోతూ, "ఇల్లు జాగ్రత్తగా చూసుకోండర్రా" అన్నాడు. అంతే. ఆ రోజునుంచి ఒక్క పూట మానకుండా ఇల్లు చూస్తున్నారు. పొద్దున అప్పాయమ్మ, మధ్యాహ్నం అబ్బులు, పొద్దు వాలాక చిట్టియ్య, వీధిలో పీట వేసుకుని కన్నార్పకుండా ఇంటికేసి చూస్తారు. ఎవరి దూడో పెరట్లో జొరబడి ఆనపపాదు మొదలంటా తినేసినా కదలరు. పెరడు చూడమని ఆయన చెప్పలేదు.

అబ్బులుకి పెళ్ళి కాలేదు. "ఇంకెప్పుడు చేసుకుంటావురా పెళ్ళి?" అని మేనమామ అడిగితే, "చేసుకోడం నాకు రాదు మావయ్యా. ఎవరైనా చేసిపెడితే పుచ్చుకుంటాను" అన్నాడు. ఆ జవాబు విని మేనమామ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తొక్కకపోవడమే మంచిదనీ, గడప తొక్కితే అరిగిపోతుందనీ అప్పాయమ్మ సంతోషించింది.

చిట్టియ్యకి మాత్రం మూడు నెలల కిందట పెళ్ళయింది. అవతలి ఒడ్డున ఉన్న బెల్లంపాలెం పిల్ల, పేరు మాణిక్యం. పెళ్ళిచూపుల్లో పిల్లాడు నోరు విప్పలేదు. మాట తక్కువ మనిషి, కాపరం చల్లగా ఉంటుందని ఆవిడ సరేనంది. ఆ నోరు విప్పితే ఏముంటుందో కాపరానికొచ్చాక తెలిసింది. అయినా సరే, మొగుడంటే ఆమెకి ఇష్టమే. ఎందుకుండదు? నలభై చెట్లు ఎక్కి దిగి, నాలుక పిడచకట్టుకుపోతున్నా, చేతిలో ఉన్న లేత బొండం తను తాగకుండా ఆమెకోసం ఇంటికి మోసుకొచ్చే మనిషిమీద ఇష్టం ఎలా ఉండదు?

చిట్టియ్యకీ అంతే. "నువ్వు నా ప్రాణమే" అని ఒకసారి పైకి అనేశాడు కూడా. అది అప్పాయమ్మ చెవిన పడింది. ఇంకేముంది, ఆ రోజునుంచి కోడలు రేవుకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ కొడుకు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే మాణిక్యం కాలవ రేవులో అంట్లు తోముకుని లేస్తూ, పాచి పట్టిన మెట్టుమీద కాలుజారి పడింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి, గుమ్మంలో కూలబడి, "ఏవండీ, మోకాలు దోక్కుపోయిందండి. కాస్త పసుపు పట్రండి" అంది.

దోక్కుపోవడమంటే ఏమిటో పాకే పసివాణ్ణి అడిగినా మోకాలు చూపిస్తాడు. మట్టావారింట్లో మాత్రం ఎవరికీ తెలీదు. తరతరాలుగా చెట్లెక్కి దిగి వాళ్ళ రొమ్ములూ పిక్కలూ అరచేతులూ చెప్పు అట్టల్లా తయారయ్యాయి. చెట్టుకీ వాళ్ళకీ ఒరిపిడి జరిగితే చెట్టే దోక్కుపోవాలి. అందుకని ఆ ఇంట్లో ఆ మాటతో ఎప్పుడూ పని పడలేదు.

చిట్టియ్య అదిరిపడ్డాడు. "దోచుకుపోయిందా? ఎవర్తి?"

"ఎవర్తేంటండీ. మోకాలు."

"మోకాలు దోచుకుపోయిందా? ఏం దోచుకుపోయింది?"

"అబ్బా, తోలండీ, తోలు" అంది మాణిక్యం మంట ఓర్చుకోలేక.

"తోలుకుపోయిందంటరా" అని అబ్బులు ఒక్క గంతులో గేదెల పాకలోకి పరిగెత్తాడు. గేదె నిమ్మళంగా నెమరేసుకుంటోంది. కొమ్ములు రెండు, కాళ్ళు నాలుగు, అన్నీ సరిపోయాయి. "గేదెని తోలుకుపోలేదమ్మా, ఉంది" అని కేకేశాడు.

ఈలోగా చిట్టియ్య పెళ్ళాం కాళ్ళు పరీక్షగా చూశాడు. "మోకాళ్ళు రెండూ ఉన్నాయమ్మా. తోలే పోయింది. ఇంకోటి కూడా తెలిసింది. పోయింది అంటంది గానీ పోయాడు అనట్లేదు. కాబట్టి దొంగ ఆడది."

ఆ తర్కానికి అప్పాయమ్మ కళ్ళు చెమర్చాయి. "నా కడుపున పుట్టావురా" అంది.

"పుట్టానే అమ్మా, అందుకే గదా నిన్ను అమ్మా అంటన్నాను" అన్నాడు చిట్టియ్య. పసుపు సంగతి ఎవరికీ గుర్తులేదు. మాణిక్యమే లేచి, కుంటుకుంటూ వంటింట్లోకెళ్ళి పసుపు అద్దుకుంది.

అబ్బులు చెట్లెక్కే తాడు భుజాన వేసుకుని దొంగని పట్టడానికి రేవుకి పోయాడు. అక్కడ చేపలమ్ముకునే నూకాలు గంప కడుక్కుంటోంది. ఆడది, రేవులోనే ఉంది, గంప కూడా ఉంది. ఇంకేం కావాలి. తాడుతో ఆవిడ చుట్టూ రెండు చుట్లు చుట్టి, "మా మరదలి మోకాలి తోలు తీసి ఇచ్చెయ్యి. ఇస్తే వదిలేత్తాను" అన్నాడు.

నూకాలు ఊరికే ఊరుకునే మనిషి కాదు. గంపతో అబ్బులు నెత్తిన ఒక్కటిచ్చింది. "మీ మరదలు పడిపోతే తోలు లేచిపోయుంటది. దానికి నన్నడుగుతావేంట్రా సచ్చినోడా?"

అంతే. అబ్బులు తాడు అక్కడే వదిలేసి ఇంటికి పరుగు తీశాడు. "దొంగతనం కాదంటమ్మా. అంతకంటే పెద్దదే. మరదలి తోలు లేచిపోయిందంట."

అప్పాయమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఎవరితోరా?"

"అది నూకాలు చెప్పలేదు."

"మూడు నెల్లు కాలేదు కదరా తోలు మనింటికొచ్చి. ఏం తక్కువ చేశాం దానికి? రోజూ కొబ్బరినూనె రాయట్లేదా?" అని ఏడుస్తూ ఆవిడ వీధిలోకొచ్చి, "మా కోడలి తోలు లేచిపోయిందర్రా" అని శోకాలు మొదలెట్టింది. మాటకి కూడా ఒళ్ళుంటుంది కాబోలు, వీధిలో నాలుగు గుమ్మాలకి ఒరుసుకుంటూ పోయేసరికి దాని తోలూ ఊడిపోయింది. మలుపు తిరిగేటప్పటికి 'మా కోడలు లేచిపోయిందర్రా' అని మిగిలింది. అలాగే ఊరంతా పాకింది.

పావుగంటలో మట్టావారి వాకిలి జనంతో నిండింది. ఓదార్చేవాళ్ళు ఓదారుస్తున్నారు, ఎవరితోనో చెప్పమని అడిగేవాళ్ళు అడుగుతున్నారు. ఆ అలికిడికి మాణిక్యం పసుపు చేత్తోనే బయటికొచ్చింది. ఒక పెద్దావిడ ఆమెని చూసి బుగ్గలు నొక్కుకుని, "పోన్లే తల్లీ, వెళ్ళినదానివి మధ్యాహ్నం కాకుండానే తిరిగొచ్చావు, అదే పదివేలు" అంది.

మాణిక్యానికి తల కొట్టేసినట్టయింది. కన్నవాళ్ళ చెవిన పడితే ఏమవుతుందోనని భయం పట్టుకుంది. ఇంతలో బడిపంతులు సుబ్బారాయుడు మేష్టారు జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, ఆమె మోకాలు చూసి, "ఎందుకర్రా ఈ గోల? పిల్లకి మోకాలు కాస్త గీరుకుపోయింది, అంతేగా?" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే గొడవ సర్దుమణిగేది. కానీ చిట్టియ్య ముఖం విప్పారింది. జనం వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "విన్నారా? గీర పోయిందంట మా ఆవిడకి. వచ్చినప్పట్నించీ కాస్త గీర ఉండేదండి, పైకి చెప్పుకోలేదు గానీ. ఇయ్యాల్టితో పోయింది. ఆయ్, మంచిదే అయింది" అన్నాడు.

మాణిక్యం లోపలికెళ్ళి నాలుగు చీరలు మూటకట్టుకుని వచ్చింది. మొగుడి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి చెప్పింది. "దొంగదన్నారు. లేచిపోయిందన్నారు. ఇప్పుడు గీరన్నారు. ఒక్క మాట తెలియకపోతే నన్నడగచ్చు కదా, ఊరిని అడిగారు. నేను మా పుట్టింటికి పోతన్నాను. దోక్కుపోవడమంటే అర్థం ఏంటో, అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకుని వచ్చి చెప్పండి. చెప్పిన రోజున మీ వెంట వస్తాను. చెప్పలేకపోతే రాను."

పడవ కదిలేదాకా చిట్టియ్య రేవులో నిలబడ్డాడు. ఆ రోజు నలభై చెట్లకి నాలుగే ఎక్కాడు. దిగేటప్పుడు అలవాటుగా ఒక లేత బొండం చేత పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇచ్చేందుకు మనిషి లేదు. తాగడానికి మనసొప్పలేదు. ఆ బొండం పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. తల్లి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి, "ఆడుతోందిరా, కొద్దిగా ఆడుతోంది" అంది దిగులుగా.

మర్నాడు ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

"ఎక్కడ పుట్టిందో కనుక్కోమందంటే, దాని పుట్టిల్లు కనుక్కోమనే కదా?" అన్నాడు అబ్బులు.

"మాటలకి పుట్టిళ్ళుంటాయంటావా అన్నయ్యా?"

"ఆడమాటలకుంటాయి. ఇది పోయాడు అనట్లేదు గదా, ఆడదే. పోయింది అని కూడా అంటంది. ఆడది అలిగి ఎక్కడికి పోద్ది? పుట్టింటికే పోద్ది."

అది వినగానే చిట్టియ్యకి కొండంత ధైర్యం వచ్చింది. పుట్టింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని అప్పాయమ్మ సారె సిద్ధం చేసింది. డబ్బాడు చలిమిడి, అరటిపళ్ళ గెల, ఎర్ర జాకెట్టుముక్క. అన్నదమ్ములు అవి మోసుకుంటూ బయలుదేరి, దారిన కనబడ్డ ప్రతివాళ్ళనీ, "ఏవండీ, దోక్కుపోయింది వాళ్ళ పుట్టిల్లెక్కడండీ?" అని అడిగారు. మట్టావాళ్ళని చూసి జనం మామూలుగానే పక్కకి తప్పుకుంటారు. ఆ రోజు పరిగెత్తి తప్పుకున్నారు.

చివరికి బడికి చేరారు. మేష్టారు అప్పుడే ఉప్మా తింటున్నాడు. సంగతి విని, "మాట ఎక్కడ పుడుతుందిరా, నోట్లో పుడుతుంది" అన్నాడు.

అంతే. అబ్బులు ఆయన గడ్డం పట్టుకుని నోరు తెరిచాడు. చిట్టియ్య తొంగిచూశాడు. "ఏం కనబట్టంలేదన్నయ్యా. ఉప్మా ఉంది. కుడిపక్క రెండు పళ్ళు లేవు. అక్కణ్ణించి జారిపోయుంటది."

మేష్టారు గింజుకుని వదిలించుకున్నాడు. కోపమొచ్చినా మనిషి మంచివాడు, చిట్టియ్య మొహం చూసి జాలిపడ్డాడు. "ఉండండ్రా. నిఘంటువులో అర్థాలుంటాయి" అని బీరువాలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీశాడు. 'దొ' దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక చేతి మందాన పొడి రాలింది. "నా ఖర్మ. 'దో' మొత్తం చెదలు తినేశాయి" అన్నాడు.

"తినేసి ఎక్కడికెళ్ళాయండి?"

"పుట్టలోకి" అన్నాడు మేష్టారు విసుగ్గా.

అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అబ్బులు తొడ చరిచాడు. "పుట్ట! విన్నావంట్రా? పుట్టింది అంటే పుట్టలోంచి వచ్చిందని. ఇంత చిన్న సంగతి మనకెందుకు తట్టలేదు?"

"ఇప్పుడు తట్టింది గదా" అన్నాడు చిట్టియ్య. ఆ మాటతో అబ్బులు నెత్తి తడుముకున్నాడు. నూకాలు గంపతో తట్టిన చోట బొప్పి ఇంకా అలాగే ఉంది.

బడి వెనకాల కాలవగట్టు మీద నడుం ఎత్తు పుట్ట ఒకటి ఉంది. చెదలు దాన్ని వదిలేసి వెళ్ళి ఏళ్ళయింది. ఇప్పుడందులో గండుచీమలు కాపరం ఉంటున్నాయి. ఆ తేడా మనవాళ్ళకి ఎవరు చెబుతారు? పుట్ట ముందు సారె దింపి, చిట్టియ్య కన్నంలో చెవి ఆనించి, "అమ్మా, దోక్కుపోయిందీ. ఉన్నావామ్మా?" అని మర్యాదగా పిలిచాడు. లోపల ఏదో కదిలిన చప్పుడైంది. "ఉందన్నయ్యా, తలుపు తీస్తన్నట్టుంది" అన్నాడు.

తీసింది. చీమలు ఒక్కసారిగా బయటికొచ్చి ఒకటి చెవిలో, పది మెడమీద, మిగతావి ఎక్కడ చోటుంటే అక్కడ పట్టుకున్నాయి. చలిమిడి డబ్బా మోసుకొచ్చిన అబ్బులుని అవి ఇంకా ఎక్కువ గౌరవించాయి. ఇద్దరూ కెవ్వుమని కళ్ళు మూసుకుని పరిగెత్తి, మొగలిపొదలో పడ్డారు. మొగలాకు అంచు రంపంతో సమానం. అందులోంచి దొర్లుకుంటూ గట్టు కిందికి, అక్కణ్ణించి రాళ్ళమీదికి. చెట్లెక్కి మొద్దుబారిన రొమ్ములూ అరచేతులూ బాగానే ఉన్నాయి గానీ, ఏ చెట్టూ ఎప్పుడూ తగలని వీపులూ మోచేతులూ బుగ్గలూ ఎర్రగా దోక్కుపోయాయి.

అక్కడ బుచ్చమ్మ మామ్మ గట్టుమీద గడ్డి చెక్కుతోంది. ఎనభై ఏళ్ళది, చేతిలో పార ఆపకుండానే వీళ్ళకేసి చూసి, "ఏంట్రా నాయనా, ఒళ్ళంతా అలా దోక్కుపోయింది?" అంది.

చిట్టియ్య దిగ్గున లేచాడు. "ఎక్కడ మామ్మా? నువ్వు చూశావా? ఏ వైపుకి పోయింది?"

మామ్మ పార ఆపింది. వాళ్ళు చెప్పిందంతా మొదటినుంచీ వింది. మధ్యలో రెండుసార్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చిట్టియ్య మోచేయి పట్టుకుని నేలకి దగ్గరగా వంచింది.

"ఇటు చూడు. ఈ పారతో నేనేం చేత్తన్నాను? గడ్డి దోకుతున్నాను. లోతుగా తవ్వట్లేదు, పైపైన గీకుతున్నాను. మీద పొర పోయింది. కింద నేల ఎక్కడిదక్కడే ఉంది. నీ మోచేయీ అంతే. రాయి తగిలి పైతోలు పోయింది, లోపల ఏం కాలేదు. దాన్నే దోక్కుపోయిందంటాం. మా అమ్మ అలాగే అనేది, వాళ్ళమ్మా అలాగే అనేది. ఆ మాట ఎప్పుడు పుట్టిందో నాకు తెలీదు గానీ, పుడితే ఇదిగో ఇలాంటి పార దగ్గరే పుట్టుంటది."

చిట్టియ్య నోరు తెరుచుకుని విన్నాడు. "లోపల ఏం కాదా మామ్మా?"

"ఏం కాదు. కాస్త పసుపు రాసి వదిలెయ్యాలి. పెచ్చు కడద్ది. గోకకూడదు, లాగకూడదు. తొందరపడి లాగావంటే మచ్చ పడిపోద్ది. నీ మానాన నువ్వుంటే పోయింది దానంతటదే వచ్చేస్తది. వారం రోజులు. లోపల్నించి కొత్తదొస్తది, పాతది ఊడి పడిపోద్ది."

చిట్టియ్య ఆ మాటలు పలుమార్లు తిప్పి తిప్పి చెప్పించుకుని కంఠతా పట్టాడు. పుట్టిల్లు దొరికింది గనక సారె ఇవ్వాలి. చలిమిడి చీమల పాలయింది. అరటిపళ్ళు మామ్మకిచ్చారు. ఎర్ర జాకెట్టుముక్క మాత్రం మాటని కన్నతల్లికే చెందాలని అబ్బులు పట్టుబట్టి, పారకి చుట్టి, ముడి వేసి, దణ్ణం పెట్టాడు. ఆ పారతో మామ్మ ఆ రోజంతా సిగ్గుపడుతూ గడ్డి చెక్కింది.

అబ్బులు ఇంటికి పోయాడు. చిట్టియ్య ఉన్నపళంగా పడవెక్కి బెల్లంపాలెం చేరాడు. మాణిక్యం పెరట్లో బియ్యం చెరుగుతోంది. తలెత్తి చూసి చేట కింద పెట్టేసింది. మొగుడి బుగ్గలు, మోచేతులు, చొక్కా చిరిగి కనబడుతున్న వీపు, చెవి కింద చీమలు కుట్టిన దద్దుర్లు, ఒక్కొక్కటే చూసింది. లోపలికెళ్ళి పసుపు తెచ్చి రాయడం మొదలెట్టింది.

"కనుక్కున్నానే" అన్నాడు చిట్టియ్య. "దోక్కుపోవడమంటే పైపైన పోవడం. లోపల ఏం కాదు. పార దగ్గర పుట్టింది. దొంగా కాదు, లేచిపోడమూ కాదు, గీరా కాదు. నాకు తెలీక అన్నాను."

మాణిక్యం చెయ్యి ఆగింది. "ఈ ఒక్క మాట కోసం ఇంతలా దోక్కుపోయారా?"

"ఇది మంట పెట్టట్లేదే. నిన్న బొండం తెస్తే తాగడానికి నువ్వు లేవు. అది మంట పెట్టింది."

మాణిక్యం ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి ఒకసారే చేసింది. పైపైన పోయింది లోపల ఏం కాలేదు అంటే, ఆ మాట మోకాలికి మాత్రమే చెప్పింది కాదని ఆమెకి అనిపించింది. చిట్టియ్య అంత దూరం ఆలోచించి చెప్పలేదనీ తెలుసు. తెలిసినా మనసు కరిగింది. లోపలికెళ్ళి అమ్మతో చెప్పి, మూట తీసుకుని, గుమ్మం దిగి వచ్చింది. "పదండి" అని చెయ్యి చాపింది.

చిట్టియ్య ఆ చెయ్యి అందుకోబోయాడు. అందుకోబోయి ఆగిపోయాడు. మామ్మ మాట గుర్తొచ్చింది. పోయింది దానంతటదే రావాలి. లాగకూడదు.

"నువ్వు నా వెంట రాకూడదే" అన్నాడు.

"ఏం?"

"నువ్వు పోయావు గదా. నిన్నే కదా పోయావు. పోయిందాన్ని లాగితే మచ్చ పడిపోద్దంట. నీ అంతట నువ్వే వచ్చేస్తావు, వారంలో. నేను ముట్టుకోను." అలా అని చేతులు వెనక్కి కట్టుకుని, ఆమెకేసి ప్రేమగా చూసి, "నిన్ను గోకను కూడా గోకను" అని మాటిచ్చి, ఒక్కడే పడవెక్కి పోయాడు.

మాణిక్యం మూట పట్టుకుని గుమ్మంలో అలాగే ఉండిపోయింది. తల్లి బయటికొచ్చి, "అల్లుడేడే?" అంది. మాణిక్యం కొంగు బిగించి, తర్వాతి పడవెక్కింది.

పొద్దు వాలకముందే పీతలంకలో మట్టావారి తలుపు మీద దబదబా చప్పుడైంది. అప్పటికే చిట్టియ్య తల్లికీ అన్నకీ అంతా వివరంగా చెప్పి, గుమ్మానికి నిండా పసుపు రాయించి, లోపల గడియ వేయించాడు.

"ఎవరూ?" అంది అప్పాయమ్మ.

"నేనత్తయ్యా, మాణిక్యాన్ని. తలుపు తియ్యండి."

"అప్పుడేనా? ఒక్క రోజే కదమ్మా అయింది. ఇంకా ఆరు రోజులుంది. ఇప్పుడు తీస్తే పచ్చిపుండు అయిపోదూ?"

మాణిక్యం బతిమాలింది. కసిరింది. కోపంతో తలుపుని గోళ్ళతో బరికింది. "గోకకే, గోకకు, నీకు దణ్ణం పెడతాను" అని చిట్టియ్య లోపల్నించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

తిరిగి పోదామనుకుని ఆమె మెట్టు దిగింది కూడా. ఇంతలో కిటికీ ఊచల మధ్యనుంచి చెంబు ఒకటి బయటికొచ్చింది. దాన్నిండా బొండంనీళ్ళు. పట్టుకున్న చెయ్యి చిట్టియ్యది. ఆమె ఆ చెంబు చూసి, చెయ్యి చూసి, మూట దించి అరుగుమీద కూర్చుంది.

ఆ ఆరు రోజులూ అరుగే ఆమెకి ఇల్లయింది. అన్నం కిటికీలోంచి వచ్చేది. పసుపు గిన్నె కూడా కిటికీలోంచే వచ్చేది, ఒంటికి రాసుకోమని అత్తగారు పోరు పెట్టేది. చిట్టియ్య అటకమీద పోసుకున్న బొండాలన్నీ ఖర్చుపెడుతూ, పనికి పోకుండా, కిటికీ పక్కనే కూర్చుని ఆమెని చూస్తూ గడిపాడు. వీధిన పోయేవాళ్ళు ఆగి సంగతేమిటని అడిగితే అబ్బులు లోపల్నించి, "పెచ్చు కడతందండి, కదిలించకండి" అనేవాడు. మొదటి రెండు రోజులూ మాణిక్యం సిగ్గుతో చచ్చిపోయింది. మూడో రోజు నవ్వొచ్చింది. ఐదో రోజుకి, అడిగినవాళ్ళకి ఆమే చెప్పడం మొదలెట్టింది, పెచ్చు కడుతోందని.

ఏడో రోజు పొద్దున్నే గడియ తీసిన చప్పుడైంది. అప్పాయమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది. కోడల్ని కిందినుంచి పైదాకా చూసి, "కొత్తదొచ్చిందిరా. ఎంత నున్నగా ఉందో. ఒక్క మచ్చ లేదు" అని దిష్టి తీసి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"అదేంటత్తయ్యా? మాణిక్యాన్నే కదా."

"పేరు కూడా అదే వచ్చింది. మామ్మది మంచి వాక్కు" అన్నాడు అబ్బులు.

చిట్టియ్య మాత్రం ముందుకి రాలేదు. "కొత్తది నాకొద్దమ్మా" అన్నాడు. "బాగానే ఉంది, కాదన్ను. కానీ నాకు పాతదే కావాలి. నాకు పసుపు రాసింది పాతది. బొండం తాగింది పాతది. అది ఊడి ఇక్కడే ఎక్కడో పడిపోయుంటది. పదండి వెతుకుదాం."

"ఏవండీ, నేనేనండీ" అని మాణిక్యం చేతులు పట్టుకుంది. చిట్టియ్య మర్యాదగా విడిపించుకుని, కళ్ళు తుడుచుకుంటూ అరుగు కింద దూరాడు. అబ్బులు తులసికోట వెనక వెతికాడు. అప్పాయమ్మ గేదెల పాకలో గడ్డి తిరగేసింది. "మాణిక్యం, ఓ మాణిక్యం" అని ముగ్గురూ పిలుస్తున్నారు.

మాణిక్యం గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళిపోతే తలుపు తెరిచే ఉంది. ఆమె వెళ్ళలేదు. చీరకుచ్చెళ్ళు పైకి దోపుకుని, మూలనున్న చీపురు తీసుకుని, మొగుడి పక్కన వంగి, ఆమె కూడా అరుగు కింద వెతకడం మొదలెట్టింది.